పదకొండో వరస

మార్లీన్ సోబ్‌చాక్ ఇరవై తొమ్మిదేళ్లు స్కూలు బస్సు నడిపింది. అబద్ధమాడే పిల్లల్ని అద్దంలో ఒక్క చూపు చూసి పట్టేసేది. అందుకే దొరక్కుండా ఆడటమెలాగో కూడా ఆమెకు బాగా తెలుసు. కానీ నేనెరిగినంతలో ఆమె ఆడిన పెద్ద అబద్ధం ఒక్కటే. అది కూడా ఒక రోలర్ కోస్టర్ పరువు కాపాడటానికి.

మా ఇద్దరిదీ ఒకే వీధి. నాది కళ్లజోళ్ల దుకాణం, గురువారం మధ్యాహ్నాలు మూసేస్తాను. ఆ పూట ఇద్దరం ఆమె కారులో టామరాక్ పార్కుకు వెళ్లేవాళ్లం. అక్కడ మేఫ్లై ఉంది. 1938లో కట్టిన కర్ర కోస్టర్. ఎత్తు అరవై రెండు అడుగులు. పెద్ద పార్కుల్లో చిన్నపిల్లల కోసం కట్టినవి కూడా దానికంటే ఎత్తుగా ఉంటాయి. దాని దగ్గర క్యూ అనేదే ఉండేది కాదు. దిగనక్కర లేకుండా, "ఇంకోసారి" అని చెయ్యి ఊపితే చాలు, బండి మళ్లీ కదిలేది. తొమ్మిది సార్లో పది సార్లో తిరిగి, వెనిగర్ చల్లుకుని ఫ్రెంచ్ ఫ్రైస్ తిని, చీకటి పడకముందే ఇల్లు చేరేవాళ్లం. ఆరేళ్లుగా మా గురువారమంటే అదే.

మాకొక క్లబ్బు ఉంది. పశ్చిమ పెన్సిల్వేనియాలో కోస్టర్ల పిచ్చి ఉన్నవాళ్లం ఎనభై మందిమి. ఏటా జూన్ రెండో శనివారం టామరాక్‌లోనే కలుస్తాం, పొద్దంతా ఎక్కుతాం, భోజనాల దగ్గర కొట్లాడుకుంటాం, చివర్లో రెండు ఓట్లు వేస్తాం. ఒకటి, ఉన్నదానికి మించి పేరు మోస్తున్న కోస్టర్‌కి. దాన్ని డప్పు ఓటు అంటాం. రెండోది, ఎంత బాగున్నా ఎవరూ పట్టించుకోని దానికి. అది పాపం ఓటు.

ఈ ఓట్లు ఎటు పడాలో చాలాకాలంగా నిర్ణయిస్తూ వచ్చినవాడు వెర్లిన్ స్టాఫర్. డెబ్బై ఒక్కేళ్లు, భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఏడొందల పన్నెండు కోస్టర్లు ఎక్కాడు. మెడలో స్టాప్‌వాచీ, జేబులో నోటు పుస్తకం లేకుండా ఆయన్ని నేను చూళ్లేదు. క్లబ్బు మూణ్ణెల్లకోసారి వేసే పత్రికకు సంపాదకుడు ఆయనే, అందులో సగం రాసేదీ ఆయనే. ఒహాయో వైపున్న ఐరన్ బిషప్ అంటే ఆయనకు ప్రాణం. మూడొందల పది అడుగుల ఉక్కు కోస్టర్ అది. మేఫ్లై గురించి ఒక ఏడాది వసంతకాలం సంచికలో ఒకే వాక్యం రాశాడు: "చక్రాలున్న పార్కు బెంచీ."

ఆ వాక్యాన్ని మార్లీన్ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుంది. రోజూ పాలు తీసేటప్పుడు చూసి కోపం తెచ్చుకోవడానికట.

ఆ జూన్ మీటింగులో పియరోగీలనే పోలిష్ కుడుములు వడ్డించుకుని అందరం బల్లల దగ్గర కూర్చోగానే ఆమె మొదలుపెట్టింది.

"ఈసారి డప్పు ఓటు బిషప్‌కి వేద్దాం. మూడొందల అడుగులు పైకి లాక్కుపోయి ఒక్కసారి కిందికి తోస్తాడు. ఆ తర్వాత ఒకటిన్నర నిమిషం ఏం చెయ్యాలో వాడికే తెలీదు. దానికి రెండు గంటలు ఎండలో నిలబడాలా?"

"ఎత్తంటే నీకు భయమని అందరికీ తెలుసులే మార్లీన్," అన్నాడు వెర్లిన్.

"నాకా? మంచు పడుతుంటే యాభై మంది ఏడో క్లాసు పిల్లల్ని కొండ దింపినదాన్ని. నీ బిషప్ నన్నేం చేస్తాడు?"

"సరే, నీ మేఫ్లై ఏం చేస్తుందో చెప్పు. నేను ఎక్కినరోజు నా పక్కన ఒక పెద్దావిడ స్వెట్టర్ అల్లుకుంటోంది. మొత్తం తిరిగొచ్చాం. ఒక్క కుట్టు తప్పలేదామెకి."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. మార్లీన్ నావైపు చూసింది. ఆమె మెడ ఎర్రబడింది. నవ్వు ఆపేశాను.

ఆమె ఫోర్కు కింద పెట్టి, చాలా నెమ్మదిగా అడిగింది.

"వెర్లిన్, నువ్వు ఏ వరసలో కూర్చున్నావు?"

"గుర్తులేదు. ఏదైతే ఏంటి?"

"అదీ సంగతి." ఆమె తల ఊపి మళ్లీ ఫోర్కు అందుకుంది. "అయితే పదకొండో వరస కాదన్నమాట. పోనీలే, ఏం చేస్తాం."

అంతే అంది. ఆ మాట అని పియరోగీ మీద ఉల్లిపాయలు సర్దుకుంటూ కూర్చుంది.  అవతలి చివరనుంచి ఎవరో, "పదకొండో వరసలో ఏముంది?" అని అడిగారు.

"మీకు తెలీదా? చెప్పకూడదనుకున్నానే." ఆమె నిజంగా ఇబ్బంది పడుతున్నట్టు మొహం పెట్టింది. "మధ్యాహ్నం రెండు దాటాక, కర్ర బాగా వేడెక్కాక, పదకొండో వరసలో ఎడమ సీటు. పట్టాల మూడో గుట్ట మీద. ఇంక నన్నడక్కండి. ఎక్కితే మీకే తెలుస్తుంది."

ఆరేళ్లుగా ఆమె పక్కన కూర్చుని ఎక్కుతున్నవాణ్ణి నేను. పదకొండో వరస అన్న మాట ఆ క్షణం దాకా వినలేదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చునేవాళ్లం. నోరు తెరవబోయాను. బల్ల కింద ఆమె బూటు నా పాదం మీదికి ఎక్కి అక్కడే ఉండిపోయింది.

అందరి కళ్లూ వెర్లిన్ మీద ఉన్నాయి. కోస్టర్ల గురించి ఆయనకు తెలియనిది ఒకటుందని ఇంతమంది ముందు తేలిపోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. నాప్కిన్‌తో మూతి తుడుచుకున్నాడు.

"పదకొండో వరస సంగతా? తొంభై నాలుగులోనే రాశాను కదా," అన్నాడు. "ఎవరూ పట్టించుకోలేదు."

మార్లీన్ చేతిలో ఫోర్కు సగంలో ఆగింది. ఆమె మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

రెండు కొట్టేసరికి మేఫ్లై దగ్గర క్లబ్బు క్లబ్బంతా పదకొండో వరస కోసం నిలబడి ఉంది. మిగతా వరసలు ఖాళీగానే వెళ్తున్నాయి. దిగినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పారు. ఒకరు కడుపు గొంతులోకి వచ్చిందన్నారు. ఒకరు ఎడమకు ఒక చిన్న ఊపు ఉందన్నారు. ఏమీ అనిపించలేదని ఒక్కరూ అనలేదు. వెర్లిన్ దిగి, నోటు పుస్తకంలో ఏదో రాసుకుని, "అప్పటితో పోలిస్తే కాస్త తగ్గింది. అయినా ఉంది," అన్నాడు.

ఇంటికి వచ్చేదారిలో నవ్వు ఆపుకోలేక ఆమె రెండుచోట్ల కారు పక్కకు ఆపింది.

జులై సంచికలో వెర్లిన్ వ్యాసం వచ్చింది, మూడు పేజీలు. ఎండకు కర్ర ఎంత సాగుతుంది, గ్రీజు ఎలా పలచబడుతుంది, చివరి పెట్టె బరువు ఎటు మొగ్గుతుంది, అన్నీ బొమ్మలతో సహా. నాకు కళ్లద్దాల లెక్కలు తెలుసు కాబట్టి ఆ లెక్కల్లో ఏమీ లేదని అర్థమైంది, కానీ చదువుతుంటే నమ్మాలనిపించింది. వారం తిరక్కుండా మిషిగన్ నుంచి జనం వచ్చారు. తర్వాత సరిహద్దు దాటి కెనడా వాళ్లు. పార్కులో ట్రాక్ చూసుకునే హోలిస్ అనే పెద్దాయన, రోజూ పొద్దున సుత్తి పట్టుకుని మేఫ్లై పొడవునా నడిచేవాడు, "పదకొండో వరసకు ఇటు" అని ఒక బోర్డు రాసి పెట్టాడు. జనం ఆయన్ని ఆపి, నిజమేనా అని అడిగితే, "హుఁ" అనేవాడు. ఆ "హుఁ" ఎటైనా పనికొచ్చేది.

మా గురువారాలు గల్లంతయ్యాయి. ఏ వరసకైనా సరే, ఒక్కసారి ఎక్కడానికి యాభై నిమిషాలు. చెయ్యి ఊపి మళ్లీ తిరగడం లేదు. మూడో గురువారం ఎండలో నిలబడి, ముందున్న ఇద్దరు ఎడమ సీటు కోసం వాదించుకుంటుంటే మార్లీన్ చూసి చూసి ఇక ఆగలేకపోయింది.

"అబ్బాయిలూ, అదంతా ఉత్తదే. నేనే కల్పించాను."

వాళ్లలో ఒకడు ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు. "మా ముందుకు పోదామనే కదా మేడమ్?"

ఇంకోసారి తెలివిగా, అసలు మజా పొద్దున్నే రెండో వరసలో ఉందని చెప్పి చూసింది. జనం చీలిపోతారనుకుంది. మరుసటి వారం హోలిస్ రెండో బోర్డు పెట్టాడు. కొత్త క్యూ వచ్చింది, పాతది తగ్గలేదు.

చివరికి ఆగస్టులో వెర్లిన్‌ని నా దుకాణానికి పిలిపించింది. ఆయన కళ్లజోడు కాడలు వదులయ్యాయి, నేను బిగిస్తున్నాను. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"వెర్లిన్, పదకొండో వరస లేదు. నువ్వు నన్ను ఏడిపించావని నోటికొచ్చిన అంకె చెప్పాను. పత్రికలో రాసెయ్, అయిపోతుంది."

"నీ గురువారాలు పోయాయని నీ బాధ," అన్నాడాయన. "నాకు అర్థమైంది. కానీ ఉన్నదాన్ని లేదనకూడదు మార్లీన్. నేను పదమూడు సార్లు ఎక్కాను. నా ఒంటికి తెలుస్తోంది."

"నీ ఒంటికి తెలుస్తుందా?"

"కళ్లు మూసుకున్నా తెలుస్తుంది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మరుసటి శనివారం, పార్కు తెరవడానికి గంటన్నర ముందు, మేఫ్లై దగ్గర చేరాం. మేనేజరుకు ఇది మంచి తమాషా అనిపించి సరేనన్నాడు. కర్ర ఇంకా వేడెక్కకపోయినా తనకు తెలుస్తుందన్నాడు వెర్లిన్. బండి నడపడానికి హోలిస్ ఉన్నాడు. చూడ్డానికి క్లబ్బు నుంచి పాతికమంది కాఫీ కప్పులతో వచ్చారు. ఆరుసార్లు తిప్పాలి. ఏ వరసో నేను హోలిస్ టోపీలోంచి చీటీ తీసి చూడాలి, ఎవరికీ చెప్పకూడదు. టోపీలో ఆరు చీటీలే వేశాం, వాటిలో పదకొండు తప్పకుండా ఉండేలా చూశాం. పక్క సీట్లో మార్లీన్ కూర్చుంటుంది, కానీ మాట్లాడకూడదు. కళ్లకు కట్టడానికి ఆమె తన మనవరాలు నిద్రలో పెట్టుకునే కంటి ముసుగు తెచ్చింది. గులాబీ రంగు. దాని మీద పొడుగాటి రెప్పలతో మూసిన కళ్లు కుట్టి ఉన్నాయి.

"ఇదే దొరికిందా నీకు?" అన్నాడు వెర్లిన్.

"నీకు చాలా నప్పింది," అంది ఆమె.

స్టాప్‌వాచీ, నోటు పుస్తకం నేను తీసుకున్నాను. ఆయన్ని మూడు చుట్లు తిప్పి, ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడిపించి, బండిలో కూర్చోబెట్టాను. ఇనుప కమ్మీ ఒళ్లోకి దించాం. హోలిస్ మీట లాగాడు.

మొదటిది మూడో వరస. తిరిగి రాగానే, "కాదు," అన్నాడు. సరిగ్గా చెప్పాడు. గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. మార్లీన్ పెదవి కొరుక్కుంది.

రెండోది అసలు పదకొండు. చీటీ చూసి నేను మొహంలో ఏమీ కనిపించకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. బండి వచ్చి ఆగింది. ఆయన ఆవలించాడు.

"కాదు. ఇది ముందు భాగం. రెండో వరస అయ్యుండాలి. చప్పగా ఉంది."

ఎవరో దగ్గు నటించారు. మూడోసారి ఏడో వరస, కాదన్నాడు. నాలుగోది పన్నెండు, అన్నిటికంటే వెనక. ఈసారి మూడో గుట్ట మీద ఆయన సీటులోంచి జానెడు లేవడం కింద నిలబడ్డ మాకే కనిపించింది. ఆ తర్వాత ఒక వింత చప్పుడు వినిపించింది. వెర్లిన్ నవ్వుతున్నాడు. ముప్పై ఏళ్లుగా క్లబ్బులో ఉన్నవాళ్లు కూడా కోస్టర్ మీద ఆయన నవ్వడం వినలేదు. ఎప్పుడూ వాచీ చూసుకుంటూ కూర్చునేవాడు.

"ఇదే," అన్నాడు ఆగీ ఆగకముందే. "ఇదే పదకొండు. రాసుకో లైల్."

రాసుకున్నాను. అయిదోసారి అయిదో వరస. ఆయన మరింత గట్టిగా నవ్వాడు. రెండు చేతులూ పైకెత్తాడు. దిగి, "ముందుది పొరపాటు. పదకొండంటే ఇదీ," అన్నాడు. ఆరోసారి మొదటి వరస. ముందెవరూ లేరు, గాలి సూటిగా మొహాన కొడుతుంది కాబట్టి ఆయనకు ఏ వరసో తెలిసిపోయి ఉండాలి. అయినా గులాబీ ముసుగు కింద నోరు తెరుచుకుని మొదటి గుట్ట నుంచి చివరిదాకా అరుస్తూనే ఉన్నాడు.

ఆయన ముసుగు తీసేశాక నేను చీటీలు చదివాను. పదకొండు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరంగా అనిపించింది. హోలిస్ ఒక్కడే గొంతు సవరించుకున్నాడు.

"పదకొండు చివరి పెట్టెలో నడిమి వరస కదా. చక్రాలకు దూరం. మొత్తం బండిలో కుదుపు తక్కువుండేది అక్కడే. నడుం నొప్పి ఉన్నవాళ్లని నేను అందులోనే కూర్చోబెడతాను."

"ఈ మాట రెండు నెలల కింద చెప్పకూడదా?" అంది మార్లీన్.

"నన్ను నిజమా అని అడిగారు. ఎందుకని అడగలేదు," అన్నాడు హోలిస్.

వెర్లిన్ ముసుగును చేతిలో అటూ ఇటూ తిప్పుతున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. మార్లీన్ కూడా అదే అనుకున్నట్టుంది, మొదటిసారి ఆమె మొహంలో కాస్త జాలి కనిపించింది.

"తొంభై నాలుగులో నేనేమీ రాయలేదు," అన్నాడు చివరికి. "ఈ ఏడాదికి ముందు దీన్ని ఎక్కింది కూడా ఒక్కసారే. అల్లుకుంటున్న పెద్దావిడ లేదు."

"లేదా?"

"బాగుంటుందని చెప్పాను."

మార్లీన్ ఒక్క క్షణం ఆయన్నే చూసింది. "ఆ కుట్టు మాట బాగానే పేలింది," అని ఒప్పుకుంది.

"తెరవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది," అన్నాడు వెర్లిన్ హోలిస్‌తో. "ఇంకోసారి తిప్పుతావా?"

కథ అక్కడితో సద్దుమణగాల్సింది. అక్టోబరు సంచికలో ఆయన నిజం రాశాడు, తన ఆరు జవాబులతో సహా, ఏమీ దాచకుండా. మార్లీన్ ఆ వ్యాసం చివరి వాక్యం చదివి పత్రిక నా కౌంటర్ మీద పడేసింది. "పదకొండో వరస లేదు, మేఫ్లైలో ఎక్కడ కూర్చున్నా ఒకటే, అన్నీ బాగుంటాయి, ఒకసారి కళ్లు మూసుకుని ఎక్కండి" అని రాశాడు.

అదివరకు యాభై నిమిషాలున్న క్యూ ఇప్పుడు పన్నెండు వరసలకూ గంటన్నర అయింది. వచ్చినవాళ్లలో సగంమంది కళ్లకు గుడ్డలు తెచ్చుకున్నారు.

మరుసటి జూన్ మీటింగులో డప్పు ఓటుకు పేర్లు చెప్పమనగానే మార్లీన్ లేచి నిలబడింది.

"మేఫ్లై," అంది.

ఎనభై మందీ తల తిప్పారు. "అరవై రెండడుగుల కర్ర దూలాలకి గంటన్నర క్యూ ఏంటి? జనానికి బుద్ధుండాలి. ఉన్నదానికి మించి పేరంటే ఇదే. దీనికి డప్పు ఓటు వేసి, మనమంతా ఎక్కడం మానేసి, ఇతరులకి కూడా మానమని చెప్పాలి."

వెర్లిన్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "సిగ్గుండాలి మార్లీన్. ఎనభై ఏళ్ల పైబడిన కోస్టర్ని పట్టుకుని ఆ మాటా? మూడో గుట్ట మీద ఏం జరుగుతుందో నీకసలు తెలుసా?"

"నాకు చెప్తున్నావా? నీకు దారి చూపించింది ఎవరు?"

"చూపించినవాళ్లు ఇలా మాట్లాడతారా?"

ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. ఆమె బిషప్‌ని పొగిడింది. ఆయన బిషప్‌ని ఎత్తు తప్ప ఏమీ లేని నిచ్చెన అన్నాడు. అంతా అయ్యాక చీటీలు వేశాం. మేఫ్లైకి పడిన డప్పు ఓటు ఒక్కటే.

తిరుగుదారిలో ఆమె స్టీరింగు మీద వేళ్లతో కొడుతూ కారు నడిపింది.

"ఒక్కటే పడిందంటే నువ్వు నాకు వెయ్యలేదన్నమాట," అంది తర్వాత.

"మేఫ్లై బాగుంటుంది మార్లీన్."

"బాగుంటుందని నాకు తెలీదా? అది వేరే సంగతి."

సోమవారం ఫోన్ చేసింది. కోపం పోయింది, గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది. నదికి అవతల రెండు గంటల దూరంలో ఒక చిన్న పార్కు ఉందట. పేరు మాత్రం ఇక్కడ చెప్పను, మాటిచ్చాను. అక్కడ ఆకుపచ్చ రంగు కర్ర కోస్టర్ ఉంది, నలభై అయిదు అడుగులు. దాన్ని నడిపే అమ్మాయి జనం రాక కుర్చీలో నిద్రపోతోందట. "క్లబ్బులో ఒక్కడికి కూడా తెలియకూడదు. మీ ఆవిడకి కూడా చెప్పకు," అంది.

గురువారం వెళ్లాం. పార్కింగులో అయిదారు కార్లున్నాయి. టికెట్ చూపించి మెట్లెక్కి ప్లాట్‌ఫారం మీదికి వెళ్లేసరికి బండి సిద్ధంగా ఆగి ఉంది. అంతా ఖాళీ. ముందు వరసలో మాత్రం ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మెడలో వాచీ లేదు. మా అడుగుల చప్పుడు విని ఇటు తిరిగాడు.



"నేను మిమ్మల్ని చూళ్లేదు," అన్నాడు వెర్లిన్. "మీరూ నన్ను చూళ్లేదు."

మార్లీన్ పర్సు నా చేతికిచ్చి ఆయన పక్కకు వెళ్లి నిలబడింది.

"జరుగు," అంది.